కనబడని మీట – నిలిచిపోయిన పింఛను
(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ముందు మాట్లాడిన వక్తలు కరువు భత్యం బకాయీల గురించి, ఆరోగ్య కార్డుల గురించి విపులంగా చెప్పినారు. నేను రంగుల గురించి మాట్లాడదలచినాను. ఇదేమి విషయమని కొందరు నవ్వుకుంటున్నారు, నవ్వుకోండి. నేను నీటిపారుదల శాఖలో ముప్పై ఏళ్ళకు పైగా డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసినవాడిని. శ్రీరాంసాగర్ కాలువల పటాలు, కడెం ఆయకట్టు పటాలు గీసిన చెయ్యి ఇది. ఏ గీత కంటికి ఆనుతుంది, ఏ గీత ఆనదు అన్నదే నా కొలువు. అందుచేత ఈ విషయం మాట్లాడే హక్కు నాకు కొంత ఉన్నదని అనుకుంటున్నాను.

ముందుగా అసలు సంగతి చెప్తాను. మంచిర్యాల వైపు ఉండే మన సభ్యుడొకరు, రిటైరైన ఉపాధ్యాయుడు, డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. బతికున్నట్టు ధ్రువపత్రం ఫోనులోనే ఇచ్చుకోవచ్చునంటే సంతోషపడి, మనవడు ఊళ్ళో లేకున్నా తానే కూర్చొని నింపినాడు. అందులో 'మళ్ళీ ఉద్యోగం చేస్తున్నారా' అని ఒక ప్రశ్న. దానికింద 'అవును', 'కాదు' అని రెండు గుండ్రటి గడులు. తెల్లటి తెర మీద లేత బూడిద రంగు గడులు. ఎంచుకున్న గడిలో మరికొంచెం బూడిద రంగు చుక్క పడుతుంది. ఆ చుక్క ఏ గడిలో పడ్డదో ఆయనకు కనబడలేదు. 'అవును'లో పడింది. రెండు నెలలు పింఛను నిలిచిపోయింది. భార్యకు షుగరు మందులు, ఇన్సులిన్ అప్పు చేసి తెచ్చినాడు. దరఖాస్తు పట్టుకొని నాలుగుసార్లు తిరిగిన తర్వాత గాని సరికాలేదు. నేను వెళ్ళి అడిగితే, "తమ్మీ, నేనేం ఒత్తిన్నో నాకే తెల్వదు. గోల్‌గ ఏదో ఉన్నట్టు కొట్టింది గని, నిండిందో లేదో ఎట్ల తెలుస్తది?" అన్నాడు. ఆ యాప్ పేరు, ఆ కార్యాలయం పేరు ఇక్కడ చెప్పను. ఒక్క దాని జబ్బయితే పేరు చెప్పి ఊరుకునేవాడిని. ఇది చాలావాటికున్న జబ్బు.

ఆయన ఫోను తీసుకొని ఆ తెరను మా అబ్బాయితో కొలిపించినాను. కొలవడానికి పద్ధతి ఉన్నదా అంటే ఉన్నది. రెండు రంగుల నడుమ వెలుగు తేడాను ఇంగ్లీషువారు కాంట్రాస్ట్ అంటారు. మనమూ ఆ మాటే వాడుకుందాం. ఒక్కొక్క రంగు ఎంత వెలుగు ఇస్తుందో లెక్కగట్టి, ఎక్కువ వెలుగును తక్కువ వెలుగుతో భాగిస్తారు. తెలుపు మీద నలుపు అయితే 21 వస్తుంది, అదే గరిష్ఠం. తెలుపు మీద తెలుపు అయితే 1. భాగించే ముందు రెండు వైపులా 0.05 కలుపుతారు; తెర మీద పడి మళ్ళీ కంట్లోకి వచ్చే బయటి వెలుతురుకు అది లెక్క. మన వాకిట్లో ఎండలో నిలబడి ఫోను చూస్తే ఆ బయటి వెలుతురు ఇంకా ఎన్నో రెట్లు, కాబట్టి లెక్కలో ఎంత వచ్చినా కంటికి దక్కేది అంతకన్నా తక్కువే. మా మిత్రుని ఫోనులో ఆ గుండ్రటి గడి అంచుకు, తెల్లటి తెరకు వచ్చిన అంకె 1.6.

ఇది ఎంత ఉండాలో ప్రపంచమంతటికీ ఒక ప్రమాణం ఉన్నది. వెబ్‌కు కట్టుబాట్లు రాసే డబ్ల్యూ3సీ అనే సంస్థ 1999లో మొదటిసారి, 2008 డిసెంబరులో రెండవసారి, అందరికీ అందేట్టు పేజీలు ఎలా చేయాలో నియమాలు వెలువరించింది. 2008 నాటి నియమాలలో అక్షరాల సంగతి చెప్పినారు: మామూలు అక్షరానికి, దాని వెనుక రంగుకు కనీసం 4.5 తేడా ఉండాలి. పెద్ద అక్షరాలకు 3 చాలును. ఈ 4.5 ఎక్కడి నుండి వచ్చిందో తెలిసినప్పుడు నేను ఆశ్చర్యపోయినాను. మామూలు చూపు గలవారికి 3 చాలునని పాత ప్రమాణాలు చెప్పినవి. ఎనభై ఏళ్ళ దాపు వారికి చూపు సాధారణంగా 20/40కి, అంటే మన కంటి డాక్టర్లు 6/12 అని రాసేదానికి, దిగుతుందని, అలాంటి కంటికి ఒకటిన్నర రెట్లు తేడా కావాలని లెక్కవేసి, 3ను 1.5తో గుణించి 4.5 చేసినారు. అంటే మిత్రులారా, ఆ అంకెను కట్టినప్పుడు వాళ్ళు మనసులో పెట్టుకున్న మనిషి మా మంచిర్యాల మిత్రుడే!

అయితే 2008లో ఒక లోటు మిగిలిపోయింది. అక్షరాలకు నియమం పెట్టినారు గాని, అక్షరాలు కాని వాటికి పెట్టలేదు. గడులు, మీటలు, టిక్కు గుర్తులు, బొమ్మ గుర్తులు, గ్రాఫులోని గీతలు – వీటి గతి ఏమిటి? ప్రశ్న నల్లగా స్పష్టంగా చదువుకోవచ్చు, జవాబు పెట్టే గడి మాత్రం కనబడదు. పరీక్ష పేపరు ఇచ్చి జవాబు కాగితం దాచిపెట్టినట్టు. ఆ లోటును 2018 జూన్‌లో వచ్చిన 2.1 కూర్పు తీర్చింది. అందులో 1.4.11 అనే నియమం ప్రకారం, ఒక మీటను మీటగా గుర్తుపట్టడానికి అవసరమైన భాగానికి, అది నొక్కబడిందా లేదా అని తెలిపే గుర్తుకు, పక్కనున్న రంగుతో కనీసం 3 తేడా ఉండాలి. బొమ్మలో అర్థం చేసుకోవడానికి అవసరమైన భాగాలకూ అంతే. 2.99 వస్తే 3 అని సర్దుకోవడానికి వీలులేదు. మూడంటే మూడే. మా మిత్రుని గడికి వచ్చింది 1.6 అని మనవి చేసినాను గదా.

నియమంలో మినహాయింపులూ ఉన్నవి. మీట మీద అక్షరాలు చక్కగా కనబడితే మీట చుట్టూ గీత ఉండి తీరాలని లేదు. కంపెనీ ముద్రలకు, ఫొటోలకు వర్తించదు. ఇంకా పని చేయని స్థితిలో ఉన్న మీటకూ వర్తించదు. ఈ చివరి మినహాయింపు నాకు నచ్చలేదు. అన్నీ నింపితే గాని 'సమర్పించు' మీట వెలగదు, అంతదాకా వెలిసిపోయినట్టు ఉంటుంది. అది ఇంకా వెలగలేదో, వెలిగినా మన కంటికి ఆనలేదో మనకెట్లా తెలుస్తుంది? నియమం రాసినవారికి వారి కారణాలు ఉండవచ్చు. నా అభిప్రాయం నేను చెప్తున్నాను.

కంటి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనలో చాలామంది 'అద్దాలు మార్పిస్తే సరిపోతుంది' అనుకుంటారు. వయసు మీదపడుతుంటే కంటిపాప చిన్నదవుతుంది, చీకట్లో కూడా మునుపటంత విచ్చుకోదు. లోపలి కటకం పసుపు పచ్చగా మారుతుంది. ఇరవై ఏళ్ళ పిల్లవాని కంటి లోపలి పొరకు చేరే వెలుగులో అరవై ఏళ్ళవారికి దాదాపు మూడో వంతే చేరుతుందని కంటి శాస్త్రజ్ఞులు లెక్కగట్టినారు. పసుపు కటకం నీలం వెలుగును మింగేస్తుంది, అందుకే ముదురు నీలం, నలుపు ఒకటే అనిపిస్తవి. లేత పసుపు, తెలుపు ఒకటే అనిపిస్తవి. మోతిబిందు ఆపరేషన్ చేయించుకున్నవారిని అడగండి, కట్టు విప్పినాక 'మన గోడలు ఇంత తెల్లగా ఉన్నయా' అంటారు. ఇదంతా అక్షరం చిన్నదా పెద్దదా అన్న దానికి సంబంధించింది కాదు. అద్దాలు అక్షరాన్ని పదునుగా చూపుతవి గాని, వెలిసిన రంగును ముదురు చేయవు.

ఇక రంగుల్లో తేడా వేరు, వెలుగులో తేడా వేరు. ఇది మా వృత్తిలో మొదటి పాఠం. మేము ట్రేసింగ్ కాగితం మీద నల్ల ఇంకుతో గీసి అమ్మోనియా ప్రింటు తీసేవాళ్ళం. ఆ ప్రింటులో అన్నీ ఒకే రంగు గీతలు. మీరు పటంలో మాగాణికి పచ్చ, మెట్టకు ఎరుపు వేసినా ప్రింటులో రెండూ ఒకటే. అందుకని మాగాణికి అడ్డగీతలు, మెట్టకు చుక్కలు. పెద్ద కాలువకు లావు గీత, పిల్లకాలువకు సన్న గీత. పక్కన పేరు రాయాలి. చేలో నిలబడ్డ వర్క్ ఇన్‌స్పెక్టరు మాసిపోయిన ప్రింటు చూసుకొని కూడా తప్పుపోకూడదు. ఇప్పటి వెబ్ నియమాల్లో 'రంగు ఒక్కదాని మీదనే ఆధారపడి సంగతి చెప్పకూడదు' అని ఒక నియమం ఉంది. అది చదివినప్పుడు మా అమ్మోనియా వాసన గుప్పుమన్నది.

కంప్యూటరులో శుద్ధమైన ఎరుపుకు, మామూలు ముదురు పచ్చకు కాంట్రాస్ట్ ఎంతో తెలుసా? 1.3 కూడా రాదు. రంగులు ఉత్తర దక్షిణాలు, వెలుగులో మాత్రం కవల పిల్లలు. ఎరుపు, పచ్చ వేరుచేయలేనివారికి – ఐరోపా సంతతి మగవారిలో నూటికి ఎనిమిది మందికి ఈ లోపం ఉంటుంది, మనలోనూ ఉన్నారు – ఆ రెండు మీటలు ఒకటే. సంతకం చేస్తే పచ్చ, తిరస్కరిస్తే ఎరుపు అని పెట్టి, దాని మీద మాట రాయకపోతే వాళ్ళు ఏది నొక్కాలి? రైల్వేవారు ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు చుక్కల పుస్తకం పెట్టి రంగుల పరీక్ష చేస్తారు. 1917లో జపాను డాక్టరు ఇషిహార తయారుచేసిన పద్ధతి అది. ఫోను చేతికిచ్చేముందు అలాంటి పరీక్ష ఎవరికీ చేయరు.

వానాకాలంలో మన ఆసిఫాబాద్, నిర్మల్ వైపు వాతావరణ హెచ్చరికలు పటంలో వస్తవి గదా. పచ్చ అంటే హెచ్చరిక లేదు, పసుపు అంటే గమనిస్తూ ఉండండి, నారింజ అంటే సిద్ధంగా ఉండండి, ఎరుపు అంటే వెంటనే జాగ్రత్తపడండి. చాలా మంచి ఏర్పాటు. అయితే కంప్యూటరు శుద్ధ ఎరుపుకు, నారింజకు నడుమ తేడా సుమారు 2 మాత్రమే. నారింజకు, పసుపుకు అంతకన్నా తక్కువ. వాట్సాప్‌లో పదిమంది చేతులు మారి, మసకబారి వచ్చిన పటంలో మన జిల్లా నారింజలో ఉందో ఎరుపులో ఉందో చూసి చెప్పడం నా వల్లనే కాదు. జిల్లాల నడుమ ముదురు గీత గీసి, లోపల మాట రాస్తే సరిపోతుంది. వాగు దాటాలా, ఆగాలా అని నిర్ణయించుకునేవాడికి ఆ ఒక్క మాట ప్రాణంతో సమానం.

తెర మీద ఒక్కొక్క రంగు ఇచ్చే వెలుగులో నూటికి 72 పాళ్ళు పచ్చ, 21 ఎరుపు, 7 మాత్రమే నీలం అని లెక్కలో తీసుకుంటారు. అందుకే తెలుపు మీద నీలం ముదురుగా కనబడి 8కి పైగా వస్తుంది. తెలుపు మీద మెరిసే పచ్చ 1.4 కూడా రాదు. తెలుపు మీద పసుపు 1.07, అంటే ఉన్నా లేనట్టే. అదే పసుపు మీద నలుపు పెట్టండి, 19 దాటుతుంది. రామగుండం, పెద్దపల్లి, సిర్పూర్ కాగజ్‌నగర్, ఏ స్టేషన్‌లో దిగినా పసుపు పలక మీద నల్ల అక్షరాలే గదా. నిర్మల్ చిత్రకారులు నల్లటి నేల మీద బంగారు రంగు వేస్తారు, గది ఇవతల నుండి బొమ్మ కనబడుతుంది. కరీంనగర్ వెండి తీగ పనిని తెల్ల గుడ్డ మీద పరిచి చూపండి, పనితనమంతా పోతుంది. కడెంలో గేజి పలక మీద అంకెలు నల్లగా ఎందుకు వేస్తారు? వరదరాత్రి టార్చి లైటు వేసి నీటిమట్టం చదవాలి గనుక. ఇవన్నీ చేసిన జాతికి ఫోను తెర మీద ఒక గడి గీయడం చేతగాకపోవడమేమిటి!

చేతగాక కాదు, ఫ్యాషన్. మన ఇళ్ళలోనే చూడండి. వెనుకట సున్నం కొట్టిన గోడకు నల్లటి బేకలైట్ స్విచ్ ఉండేది, అర్ధరాత్రి లేచినా చెయ్యి నేరుగా పోయేది. ఇప్పుడు తెల్ల గోడకు తెల్ల బోర్డు, తెల్ల స్విచ్. అందంగానే ఉన్నది. చూపించేవాళ్ళకు అందం, వెతుక్కునేవాళ్ళకు ఆపద. తెరలు గీసే పిల్లలు పాతికేళ్ళవాళ్ళు, చల్లటి గదిలో ఖరీదైన పెద్ద తెర ముందు కూర్చొని గీస్తారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళ కంటికి అది కనబడుతుంది.

కానీ కొన్నిచోట్ల అజ్ఞానం కాదు, బుద్ధిపూర్వకమే. 'ఒప్పుకుంటున్నాను' మీట నిండు రంగులో వెలుగుతుంటుంది, 'వద్దు' అన్నది మాత్రం లేత బూడిద రంగులో మూలకు ఉంటుంది. ప్రకటన మూసే ఇంటూ గుర్తు కనబడీ కనబడనట్టు ఉంటుంది. టికెట్టు కొంటుంటే అడగని బీమా మీద టిక్కు ముందే పడి ఉంటుంది. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ ఇలాంటి 13 రకాల మోసపు ఎత్తులను గుర్తించి నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. తెరను తారుమారు చేసి మనిషిని తప్పుదారి పట్టించడం అందులో ఒకటి. మన సొమ్ము ఇలా పోతే వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చునని దీని అర్థం.

ఇక ప్రభుత్వ సైట్ల సంగతి. భారత ప్రభుత్వ వెబ్‌సైట్లకు 2009లోనే మార్గదర్శకాలు వచ్చినవి. 2023లో వచ్చిన మూడవ కూర్పు యాప్‌లకు కూడా వర్తిస్తుంది, నేను చెప్పిన 2.1 ప్రమాణాన్ని అనుసరిస్తుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం సమాచార సాంకేతికత అందరికీ అందాలని చెప్పింది. అయితే ఆ చట్టం కింద 2017లో చేసిన 15వ నియమం గట్టిగా లేదని, సలహాలాగా ఉన్నదని రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న తీర్పు చెప్పి, తప్పనిసరి నియమాలు చేయమని ఆదేశించింది. ఆ కేసులో కోర్టుకు నివేదిక ఇచ్చింది మన హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయం వారే. తర్వాత 2025 ఏప్రిల్ 30న, ఆసిడ్ దాడి బాధితులు, చూపులేనివారు వేసిన కేసులలో, డిజిటల్ సేవలను అందుకోగలగడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమే అని అదే కోర్టు ప్రకటించి 20 ఆదేశాలు ఇచ్చింది. బ్యాంకు గుర్తింపు కోసం కన్ను ఆర్పమంటే, ఆర్పడానికి రెప్పలే లేనివారు ఏం చేయాలన్నది అక్కడి ప్రశ్న. మనది అంత కష్టం కాదు. ఐనా ఆ తలుపు మనకూ తెరిచినారు.

ఇదంతా మనకు ఎందుకంటే, పనులన్నీ తెర మీదికి పోయినవి. జీవన్ ప్రమాణ్ 2014 నవంబరు 10న వచ్చింది, 2021 నవంబరు నుండి ముఖం చూపించి ఇచ్చే పద్ధతి వచ్చింది. మన రాష్ట్రంలో టీ యాప్ ఫోలియోలో సెల్ఫీ పద్ధతి తెచ్చినారు. ఇవి మనకు మేలే చేసినవి, కాదనను. ట్రెజరీ మెట్లు ఎక్కలేక, మంచం పట్టినవారిని ఆటోలో మోసుకొచ్చిన రోజులు నాకు గుర్తున్నవి. కానీ తెర కనబడనివాడు ఏం చేస్తాడు? ఫోను ఇంకొకరి చేతికి ఇస్తాడు. ఆధార్ నంబరు, ఓటీపీ కూడా ఇస్తాడు. కొడుకు చేతికిస్తే సరే. సెంటర్లో కూర్చున్న పరిచయం లేని పిల్లవాని చేతికి ఇస్తే? ముప్పై నలభై ఏళ్ళు రికార్డులు రాసి, సంతకాలు పెట్టి, లెక్కలు ఒప్పజెప్పిన మనుషులం. తన కాగితం తాను నింపుకోలేక ఒకరి ముందు నిలబడటం ఎట్లా ఉంటుందో మీకు నేను వేరే చెప్పనక్కరలేదు.

మన చేతిలో ఉన్నవి రెండు మూడు చెప్తాను. ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లోకి పోతే యాక్సెసిబిలిటీ అని ఉంటుంది. అందులో హై కాంట్రాస్ట్ టెక్స్ట్ పెడితే అక్షరాలు ముదురుగా వస్తవి. గడుల అంచులు మాత్రం రావు, ఆ ఆశ పెట్టుకోవద్దు. రంగులు తిరగవేసే ఏర్పాటు కూడా ఉన్నది, తెలుపు నలుపు అవుతుంది, కొందరి కంటికి అది హాయి. ఐఫోనులో ఇంక్రీజ్ కాంట్రాస్ట్ అని ఉంటుంది. ఎండలో కాక నీడలో, తెర వెలుగు పెంచి నింపండి. సమర్పించే ముందు తెర ఫొటో తీసి వేళ్ళతో పెద్దది చేసి చూడండి, చుక్క ఎక్కడ పడ్డదో తెలుస్తుంది. ఏదైనా యాప్ సరిగా లేదని రుజువు చూపాలంటే ఆ తెర ఫొటోను జిరాక్స్ తీయించండి. నలుపు తెలుపులో గడి మాయమైతే, దాన్ని గీసినవారికి చూపించడానికి అంతకన్నా సులువైన సాక్ష్యం లేదు.

అధ్యక్షుల వారి అనుమతితో ఒక తీర్మానం ప్రతిపాదిస్తున్నాను. పింఛనుదారులు వాడే ప్రతి సైటులో, యాప్‌లో గడులు, మీటలు, గుర్తులకు 3కు తగ్గకుండా, అక్షరాలకు 4.5కు తగ్గకుండా తేడా ఉండాలని. ఎంచుకున్న గడి పక్కన 'మీరు కాదు అని ఎంచుకున్నారు' అని మాటల్లో కూడా చూపాలని. సమర్పించే ముందు జవాబులన్నీ ఒకసారి నల్లటి అక్షరాలతో చూపి ఒప్పుదల అడగాలని. పొరపాటున పడిన జవాబును సరిచేసుకునేదాకా పింఛను ఆపకూడదని. ఈ నాలుగింటితో రాష్ట్ర ఆర్థిక శాఖకు, వికలాంగుల కమిషనరుకు మహజరు పంపుదాం. సోమవారం ప్రజావాణిలో కలెక్టరు గారికి ఒక ప్రతి ఇద్దాం. మంచిర్యాల మిత్రుడు మొదటి సంతకం తానే చేస్తానన్నాడు.

భోజనాల తర్వాత వెనుక వరండాలో మా అబ్బాయి, ఇద్దరు డిగ్రీ విద్యార్థులు బల్ల వేసుకొని కూర్చుంటారు. మీ ఫోనులో ఆ ఏర్పాట్లు ఎక్కడున్నవో చూపిస్తారు. ఫోను మీ చేతిలోనే ఉంచుకోండి, వాళ్ళు నోటితో చెప్తారు, మీరే నొక్కండి. మీకు కనబడని మీట ఏదైనా ఉంటే ఏ యాప్‌లో, ఏ ప్రశ్న దగ్గర, ఏ తేదీన అన్నది అక్కడి రిజిస్టరులో రాయండి. మహజరుకు జత చేస్తాము.